నాలుగు వేల పేపర్లు చదివిన మేడమ్

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లు చాలామంది మాన్‌హటన్ దక్షిణపు కొసన పడవెక్కి స్వేచ్ఛా ప్రతిమను చూస్తారు. టైమ్స్ స్క్వేర్‌లో ఫొటోలు దిగి, సెంట్రల్ పార్కులో కాసేపు కూర్చుని, అక్కడితో ఊరు అయిపోయిందనుకుంటారు. పార్కు దాటాక కూడా మాన్‌హటన్ ఇంకా చాలా దూరం ఉంది. నేను చూడాలనుకున్న కాలేజీ ఆ పైభాగంలోనే, హార్లెం పక్కన ఒక గుట్ట మీద ఉంది.

"అక్కడ చూడ్డానికేముంది అత్తా?" అంది మా అన్న కూతురు. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఉంటుంది. ఇంటి ముందు వీధిలోనే గోంగూర నుంచి పూజసామాను దాకా అన్నీ దొరుకుతాయి.

"ఒకావిడ ఇంగ్లీషు పాఠం చెప్పిన చోటు."

"పెద్ద రచయిత్రా?"

"కాదు. ఒకే పుస్తకం రాసింది. పిల్లలు చేసే తప్పుల గురించి."

పకపకా నవ్వింది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చేసి ఈ దేశం వచ్చిన పిల్ల. "తప్పుల గురించైతే నేనే రాసేదాన్ని కదా" అంది. అన్నదే గానీ శుక్రవారం సెలవు పెట్టి నాతో బయల్దేరింది.

పాత్ రైల్లో హడ్సన్ నది కిందినుంచి ముప్పై మూడో వీధికి చేరుకుని, అక్కడినుంచి నాలుగడుగులు నడిచి పెన్ స్టేషన్లో ఒకటో నంబరు సబ్‌వే ఎక్కాం. ఇది ప్రతి స్టేషన్లోనూ ఆగే లోకల్. అందుకే ఊరు ఎలా మారుతుందో ఎక్కే దిగే మనుషుల్ని చూస్తే తెలిసిపోతుంది. మొదట్లో సూట్లవాళ్లు, షాపింగ్ సంచులవాళ్లు. తొంభయ్యో వీధి దాటేసరికి ఒళ్లో పుస్తకాల సంచులు. నూటపదహారో వీధిలో ఆ సంచులు చాలావరకు దిగిపోయాయి. అది కొలంబియా యూనివర్సిటీ స్టేషన్.

ఆ తర్వాత సొరంగంలోంచి రైలు ఒక్కసారిగా వెలుతురులోకి వస్తుంది. రైలు పైకి ఎక్కింది లేదు, నేలే కిందికి జారిపోయింది. రెండు గుట్టల మధ్య లోయ వస్తుంది. దాన్ని దాటడానికి ఉక్కు కమాను కట్టి దాని మీద పట్టాలు పరిచారు. నూట ఇరవై ఐదో వీధి స్టేషన్ ఆ కమాను మీదే, వీధికి చాలా ఎత్తున ఉంది. ఎడమ పక్క హడ్సన్ నది తళుక్కుమంటుంది, కుడి పక్క హార్లెం. ఎంతోసేపు పట్టదు, రైలు మళ్లీ అవతలి గుట్టలోకి దూరిపోతుంది. తర్వాతి స్టేషన్ నూటముప్పై ఏడో వీధి, సిటీ కాలేజ్. 1904లో న్యూయార్క్‌లో సబ్‌వే మొదలైననాటి స్టేషన్ ఇది.

లోయకు ఆ గట్టున కొలంబియా, ఈ గట్టున సిటీ కాలేజ్. రైల్లో నిమిషాల దూరం. అక్కడ ఫీజు కట్టి చదువుకోవాలి. ఇక్కడ 1847 నుంచి 1976 దాకా, అంటే 129 ఏళ్ల పాటు, ఊరి పిల్లలకు చదువు ఉచితం. వలస వచ్చిన యూదు కుట్టుపనివాళ్ల పిల్లలు, చిల్లర దుకాణాలవాళ్ల పిల్లలు ఈ గుట్టెక్కి డిగ్రీలు తెచ్చుకున్నారు. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ 1934లో ఇక్కడే పట్టా తీసుకున్నాడు. పేదవాళ్ల హార్వర్డ్ అన్న పేరు ఊరికే రాలేదు.

నేను వెతుక్కుంటూ వచ్చిన మినా షాన్సీ గట్టు దాటి వచ్చిన మనిషి. 1951లో కొలంబియాలో ఎమ్మే చేసి, 1967లో ఈ గుట్ట మీద పాఠం చెప్పడానికి చేరింది.

* * *

స్టేషన్ మెట్లెక్కి బ్రాడ్వే మీదికి వస్తే చెవిన పడేది స్పానిష్. దుకాణాల ముందు అట్టపెట్టెల్లో పచ్చి అరటికాయలు, చేమదుంపలు, మామిడికాయలు. తోపుడుబండి మీద మంచు చెక్కి రంగునీళ్లు పోసి ఇస్తున్నాడొకాయన. మన ఐస్‌గోలాయే. ఈ చుట్టుపక్కల డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. అక్కడినుంచి తూర్పుకు తిరిగితే నిటారుగా ఎక్కుడు. మా అన్న కూతురు చకచకా ఎక్కిపోయింది. నేను ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ మూలన ఆగి ఊపిరి తీసుకున్నాను.

పైకెక్కాక మొదట ఎదురయ్యేది నార్త్ అకడమిక్ సెంటర్ అనే పెద్ద కాంక్రీటు భవనం. ఒకప్పుడు ఆ స్థలంలో లూయిసన్ స్టేడియం ఉండేది. 1973లో పడగొట్టారు. ఈ భవనాన్ని చుట్టి కాన్వెంట్ అవెన్యూలోకి వస్తే ఊరే మారిపోయినట్టుంటుంది. నల్లని గరుకు రాతి గోడలు, వాటి అంచులకు తెల్లని టెర్రకోట పని, కోసుగా లేచిన కమానులు. షెపర్డ్ హాల్ దూరం నుంచి చర్చిలా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి తలెత్తి చూస్తే చూరుల కింద బొమ్మలు. దేవతలూ కాదు, దయ్యాలూ కాదు. పనిముట్లు పట్టుకుని, పుస్తకాలు పట్టుకుని వంగి కూర్చున్న మరుగుజ్జు మనుషులు. ఇలాంటి బొమ్మలు ఈ పాత భవనాల మీద వందల్లో ఉన్నాయి. వాస్తుశిల్పి జార్జ్ పోస్ట్ ఈ గుడిలో కొలువుంచింది పనిచేసేవాళ్లనే.

భవనాల లోపలికి కార్డు లేనిదే పంపరు. ఆవరణలో తిరగడానికి అభ్యంతరం లేదు. మెట్ల మీద ఒకమ్మాయి డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటోంది. పలకరిస్తే మొహమాటం లేకుండా మాట్లాడింది. ఇంట్లో స్పానిష్, సాయంత్రాలు మందుల షాపులో కౌంటర్ పని, కాలేజీ గడప తొక్కింది ఇంట్లో తనే మొదట. మినా షాన్సీ పేరు విన్నావా అని అడిగాను. వినలేదంది. "ఆ పేరుతో బిల్డింగేమైనా ఉందా?" అని ఎదురు ప్రశ్న వేసింది. నాకు కనిపించినంతలో లేదు.

* * *

పంతులమ్మ కాకముందు ఈవిడ నడిచిన దారి చిత్రమైనది.

సౌత్ డకోటాలో బ్లాక్ హిల్స్ అనే కొండల్లో లీడ్ అనే ఊరుంది. ఊరంటే బంగారు గని, గనంటే ఊరు. హోమ్‌స్టేక్ గని అది. ఎనిమిది వేల అడుగుల లోతుకు తవ్వారు. 2002లో గని మూసేశాక ఆ సొరంగాల్లో ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగాలు జరుగుతున్నాయి. ఆ ఊళ్లో 1924లో పుట్టింది మినా. తండ్రి గని పనిమనిషి, తల్లి బడిలో టీచరు. నాటకాల పిచ్చి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో వాచిక కళ చదువుకుని, నటి కావాలని న్యూయార్క్ వచ్చింది. రంగస్థలం అందలేదు. కొలంబియాలో ఇంగ్లీషు ఎమ్మే చేసింది. రాక్‌ఫెల్లర్ జూనియర్ జీవితచరిత్ర రాస్తున్న రేమండ్ ఫాస్‌డిక్‌కు పరిశోధనలో సాయపడింది. మెక్‌గ్రా-హిల్ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేసింది. సాయంత్రం కాలేజీల్లో పాఠాలు చెప్పింది. పీహెచ్‌డీ లేదు. యూనివర్సిటీ లెక్కల్లో పెద్ద అర్హతలేమీ లేని మనిషి.

నా ఉద్దేశంలో ఆవిడకు అన్నిటికన్నా పనికొచ్చిన అర్హత ఎడిటర్ ఉద్యోగమే. పరీక్ష పేపరు దిద్దేవాడూ, పుస్తకం అచ్చు వేయించే ఎడిటరూ ఇద్దరూ ఎర్ర పెన్నే పట్టుకుంటారు. కానీ మొదటివాడు ఈ కుర్రాడికి ఏం రాదో చూస్తాడు. రెండోవాడు ఈ రచయిత ఏం చెప్పబోయాడో వెతుకుతాడు. వాక్యం తడబడితే మొదటివాడు మార్కు కోసేస్తాడు. రెండోవాడు రచయితకు ఫోన్ చేసి, "ఇక్కడ మీరు అనదలుచుకున్నదేమిటి?" అని అడుగుతాడు. మినా షాన్సీ కాలేజీ కుర్రాళ్ల పేపర్లను ఎడిటర్ కళ్లతో చదివింది. విద్యార్థి కేంద్రంగా బోధన అన్న మాట మన ట్రైనింగ్ క్లాసుల్లో వింటూనే ఉంటాం. బల్లలు గుండ్రంగా వేయించడం, గ్రూపులుగా కూర్చోబెట్టడం అనుకుంటాం. ఆవిడ చేసింది అంతకన్నా కష్టమైన పని. పిల్లవాడి వాక్యం ముందు కూర్చుని, అది అలా ఎందుకు వచ్చిందో తెలిసేదాకా లేవకపోవడం.

* * *

ఆ పని అవసరమైన సందర్భం ఈ ఆవరణలోనే పుట్టింది. గుట్ట కింద హార్లెంలో నల్లజాతి, ప్యూర్టో రికో కుటుంబాలు. గుట్ట మీద కాలేజీలో మాత్రం వాళ్ల పిల్లలు చాలా కొద్దిమంది. 1965 తర్వాత సీక్ అనే పథకం కింద కొందరిని తీసుకోవడం మొదలుపెట్టారు. మినా చేరింది ఆ పథకంలో రైటింగ్ చెప్పడానికే. అప్పట్లో అదే పథకంలో ఆమెతో పాటు పాఠాలు చెప్పినవాళ్ల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏడ్రియన్ రిచ్, ఆడ్రీ లార్డ్, జూన్ జోర్డన్, టోనీ కేడ్ బంబారా. తర్వాత అమెరికన్ సాహిత్యంలో పెద్దపేర్లైన వీళ్లంతా అప్పుడు ఫస్టియర్ పిల్లలకు వాక్యం రాయడం నేర్పుతున్నారు.

1969 ఏప్రిల్‌లో నల్లజాతి, ప్యూర్టో రికో విద్యార్థులు దక్షిణపు క్యాంపస్ గేట్లకు తాళాలు వేసి లోపల కూర్చున్నారు. మా వీధుల పిల్లలకు ఈ కాలేజీలో చోటేది అన్నది వాళ్ల ప్రశ్న. రెండు వారాలు కాలేజీ నడవలేదు. ఫలితంగా, 1975లో చేద్దామనుకున్న పనిని 1970కే ముందుకు జరిపారు. ఊళ్లో హైస్కూలు పాసైన ఎవరికైనా, సిటీ కాలేజీతో సహా సిటీ యూనివర్సిటీ కాలేజీల్లో ఏదో ఒకదాంట్లో సీటు. ఒక్క ఏడాదిలో యూనివర్సిటీ మొత్తంమీద మొదటి సంవత్సరం పిల్లలు సుమారు 20 వేల నుంచి 35 వేలకు పెరిగారు.

తలుపు తెరిచారు. తర్వాత? చేరిన ప్రతివాడితో ఒక వ్యాసం రాయించారు. ఆ కాగితాలు చూసి కాలేజీలో సీనియర్ ప్రొఫెసర్లు తలలు పట్టుకున్నారు. చుక్క లేదు, కామా లేదు, క్రియకు కర్తతో పొత్తు లేదు, స్పెల్లింగు సంగతి చెప్పనక్కర్లేదు. వీళ్లు కాలేజీ చదువుకు పనికిరారు అన్నది ఆనాటి స్టాఫ్‌రూముల తీర్పు. మన స్టాఫ్‌రూముల్లోనూ ఇదే వాక్యం ఇదే గొంతుతో వినబడుతుంది కాబట్టి నాకు ఆ దృశ్యం ఊహించుకోవడానికి ఏ కష్టమూ లేదు.

మినా కూడా మొదటిసారి చూసినప్పుడు నిర్ఘాంతపోయిందట. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదని పుస్తకం మొదట్లోనే చెప్పుకుంది. అయితే ఆవిడ ఆ కాగితాల్ని పక్కన పెట్టలేదు. 1970 నుంచి 1974 దాకా కొత్త విద్యార్థులు రాసిన నాలుగు వేల వ్యాసాలు ముందేసుకుని చదివింది. చదువుతూ తప్పుల్ని జాతులుగా విడదీసింది. ఇది చేతిరాతకు, విరామచిహ్నాలకు సంబంధించింది, ఇది వాక్యనిర్మాణంలో వచ్చింది, ఇది క్రియారూపంలో, ఇది స్పెల్లింగులో, ఇది పదసంపదలో, ఇది వాక్యం దాటి పేరా కట్టడంలో. ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. 1977లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’ అలా తయారైంది.

అందులో తేలింది ఏమిటంటే, తప్పులు ఎలాబడితే అలా రావు. వాటికో లెక్క ఉంటుంది. విద్యార్థి ఎక్కడో ఒక సూత్రం నేర్చుకుని, దాన్ని పట్టుకుని నడుస్తున్నాడు. ఆ సూత్రం ఈ చోట పనిచేయదని అతనికెవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో పేరుకు ఎస్ చేరిస్తే చాలామంది అని అర్థం. క్రియకు అదే ఎస్ చేరిస్తే ఒక్కడే అని అర్థం. కర్త బహువచనమైనప్పుడు క్రియకు కూడా ఎస్ తగిలించిన కుర్రాడు పరధ్యానంలో లేడు, తనకు తెలిసిన సూత్రాన్ని బుద్ధిగా పాటించాడు. ఇది అర్థమైన టీచరు చెప్పే పాఠం ఒకలా ఉంటుంది, అర్థంకాని టీచరు కొట్టే సున్నా ఇంకోలా ఉంటుంది.

మెట్ల మీద కూర్చుని ఈ మాట చెబుతుంటే మా అన్న కూతురు మధ్యలో అందుకుంది. "అయితే మనవాళ్లందరం ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్ అంటాం కదత్తా, దానికీ లెక్కుందా?"

ఎందుకుండదు? తెలుగులో ఇద్దరు అక్కలు ఉన్నారంటాం, వస్తున్నారంటాం. రెంటి చివరా అదే ఉన్నారు. ఆ అలవాటుతో పోయిన మనిషి ఇంగ్లీషులో ఉండటాన్నీ జరుగుతుండటాన్నీ ఒకే అచ్చులో పోస్తాడు.

"ఇంజినీరింగ్ మొదటి ఏడాది మొత్తం నేను నోరు తెరవలేదు. ఈ ముక్క అప్పుడెవరైనా చెప్పుంటేనా" అంది.

* * *

మినా పుస్తకంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి ఒక అంచనా. బ్రిటన్‌లో హైస్కూలు వయసు పిల్లవాడు వారానికి వెయ్యి మాటలు రాస్తాడు. అమెరికాలో మధ్యతరగతి బడి పిల్లవాడు వారానికి 350 మాటలు రాస్తాడు. తన క్లాసుకు వచ్చిన పిల్లలు సెమిస్టరు మొత్తానికి 350 మాటలు రాసి ఉంటారు. అంటే వాళ్లకు చేతకాలేదనడం కంటే వాళ్ల చేత ఎవరూ రాయించలేదనడం నిజం. రాయడం అలవాటు లేని చేతికి కాగితం మీద మొదటి వాక్యం ఎంత భయం పుట్టిస్తుందో ఆవిడ చూపించింది. ఒక విద్యార్థి మొదటి వాక్యం మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ కొట్టేసి నింపిన కాగితాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసింది. తప్పు వస్తుందేమోనన్న భయంతో ఆలోచనే ముందుకు కదలని స్థితి అది.

మన దగ్గర లెక్క వేస్తే ఇంకో చిక్కుంది. మన పిల్లలు పేజీలకు పేజీలు రాస్తారు. కానీ గైడులో ఉన్న వ్యాసమో, బోర్డు మీద ఎక్కించిన నోట్సో రాస్తారు. ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చిన పిల్లతో "నిన్న బస్సులో ఏం చూశావో పది వాక్యాలు రాయి" అంటే పెన్ను కదలదు. సొంత మాటలు ఎన్ని రాశావని అడిగితే ఏడాదికి 350 కూడా తేలవు.

1975 డిసెంబరులో మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ సభలో మినా చేసిన ప్రసంగం, టీచర్లు ఎలా మారతారన్న దాని గురించి. పిల్లల ఎదుగుదల దశల గురించి అందరూ మాట్లాడతారు, ఆవిడ టీచర్ల ఎదుగుదలకు దశలు చెప్పింది. మొదట టీచరు కోటకు కాపలా కాస్తాడు, అర్హత లేనివాళ్లు లోపలికి రాకుండా. తర్వాత వచ్చినవాళ్లను తనలా మార్చాలని చూస్తాడు. ఆ పైన తన పాఠాన్నే తడిమి చూసుకుంటాడు, తను సులువనుకున్న సంగతి నిజంగా సులువైనదేనా అని. చివరి దశలో తనే విద్యార్థి అవుతాడు, ఎదురుగా కూర్చున్న పిల్లల్ని చదువుకోవడానికి. అదే ఏడాది ఆవిడ ‘జర్నల్ ఆఫ్ బేసిక్ రైటింగ్’ అనే పత్రిక మొదలుపెట్టింది. వెనకబడినవాళ్ల ఇంగ్లీషు, మొద్దు ఇంగ్లీషు అని ఎగతాళి చేసిన కోర్సులకు బేసిక్ రైటింగ్ అనే మర్యాదైన పేరు పెట్టిందీ ఆవిడే.

ఇంతలో కథ మలుపు తిరిగింది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వచ్చింది. 1976లో ఫీజులు పెట్టారు, కుర్ర టీచర్లను తీసేశారు. తలుపు తెరవమన్న ప్రభుత్వమే లోపల దీపాలు తగ్గించుకుంటూ పోయింది. సిటీ కాలేజీలోనే డీన్‌గా ఉన్న థియోడర్ గ్రాస్ 1978లో ‘సాటర్డే రివ్యూ’లో ఓపెన్ అడ్మిషన్లు కాలేజీని చంపేశాయన్న ధోరణిలో వ్యాసం రాశాడు. అదే ఏడాది నవంబరులో మినా కేన్సర్‌తో చనిపోయింది. అప్పటికి 54 ఏళ్లు. పుస్తకం వచ్చి ఏడాది దాటింది. 1990ల చివర్లో యూనివర్సిటీ బోర్డు నాలుగేళ్ల డిగ్రీ కాలేజీల్లో ఈ పునాది కోర్సులను ఎత్తేయాలని తీర్మానించింది.

ఆవిడ మీద విమర్శలూ ఉన్నాయి. అందులో పదునైనది చైనాలో పుట్టి పెరిగిన అధ్యాపకురాలు మిన్-జాన్ లూ 1991లో రాసిన వ్యాసం. అందరూ ఒప్పుకునే ఇంగ్లీషు నేర్పేస్తే చాలు, పిల్లల ఇంటిభాషకూ ఆలోచనకూ ఏమీ కాదు అని షాన్సీ నమ్మింది, అది అమాయకత్వం అంటుంది లూ. భాష మారితే మనిషి లోకాన్ని చూసే తీరూ మారుతుంది, ఆ పెనుగులాటను తరగతిలోకే తేవాలి అన్నది ఆమె వాదం. ఆ వ్యాసం అచ్చయింది మినా పెట్టిన పత్రికలోనే. నాకు లూ మాటలో నిజం కనిపిస్తుంది. కానీ పిల్లవాడి వాక్యాన్ని ముందు ఓపిగ్గా చదివిన మనిషి ఉంటేనే ఆ వాదన మొదలుపెట్టడానికైనా చోటుంటుంది.

* * *

క్యాంపస్ తూర్పు అంచున సెయింట్ నికొలస్ పార్కు. గుట్ట ఇక్కడ ఉన్నట్టుండి తెగిపోయి హార్లెంలోకి దిగుతుంది. పార్కు ఉత్తరపు చివర పసుపుపచ్చని చెక్క ఇల్లొకటి ఉంది. అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1802లో కట్టుకున్న ఇల్లు. ఉన్నచోటి నుంచి రెండుసార్లు పెకలించి జరిపి, 2008లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. చూడటానికి టికెట్ లేదు.

హామిల్టన్ కరీబియన్ దీవుల్లో పుట్టిన అనాథ. వర్తకుడి దగ్గర గుమాస్తా. 1772లో సెయింట్ క్రోయ్ దీవిని తుపాను ముంచెత్తితే, ఆ బీభత్సం గురించి ఒక ఉత్తరం రాశాడు. అది అక్కడి పత్రికలో అచ్చయింది. చదివిన పెద్దమనుషులు ఈ కుర్రాణ్ణి చదివించాలని చందాలు వేసుకుని అమెరికా పంపించారు. న్యూయార్క్‌లో అతను చేరిన కింగ్స్ కాలేజీయే ఇవాళ్టి కొలంబియా. ఒక్క రాతతో కాలేజీ తలుపు తెరుచుకున్న మనిషి ఇల్లు, రాత సరిగా లేదని తలుపు మూయబోయిన కాలేజీ పక్కకే వచ్చి చేరింది.

మెట్లు దిగి నూటముప్పై ఐదో వీధి పట్టుకుని తూర్పుకు నడిచాం. వీధుల పేర్లు హార్లెం చరిత్ర పాఠం. ఫ్రెడరిక్ డగ్లస్, ఆడమ్ క్లేటన్ పవెల్, మాల్కమ్ ఎక్స్. మాల్కమ్ ఎక్స్ పేరున్న లెనాక్స్ అవెన్యూ మూలన షోంబర్గ్ సెంటర్ ఉంది. నల్లజాతి చరిత్రకు సంబంధించిన పుస్తకాలకూ పత్రాలకూ ప్రపంచంలోనే పేరున్న గ్రంథాలయం. ఆర్టురో షోంబర్గ్ అనే ప్యూర్టో రికో మనిషి సేకరించిన పుస్తకాలను 1926లో ఈ బ్రాంచి లైబ్రరీ కోసం కొన్నారు. హాల్లో నేల మీద రంగురాళ్లతో పొదిగిన వృత్తం కింద కవి లాంగ్‌స్టన్ హ్యూస్ చితాభస్మం ఉంది. పిల్లలు దాని చుట్టూ నిలబడి టీచరు చెప్పేది వింటున్నారు.

ఈ లైబ్రరీకీ గుట్ట మీది క్లాసుకూ ఒక చుట్టరికం ఉంది. ఆడ్రీ లార్డ్ చిన్నప్పుడు హార్లెం పిల్ల, చూపు బాగా తక్కువ, మాట ఆలస్యంగా వచ్చింది. ఒకనాడు ఈ నూటముప్పై ఐదో వీధి లైబ్రరీలో నేలమీద పడి ఏడుస్తుంటే, అగస్టా బేకర్ అనే లైబ్రేరియన్ దగ్గర కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించింది. తనకూ చదవడం రావాలని ఆ క్షణాన నిశ్చయించుకున్నానని లార్డ్ తర్వాత రాసుకుంది. పెద్దయ్యాక గుట్టెక్కి సీక్ పిల్లలకు రాయడం నేర్పింది. లోపలికి వచ్చిన పిల్లను ఎవరో ఒకరు పట్టించుకుంటే ఆ పట్టింపు తరవాతి పిల్లల దాకా అలా వెళ్తుంది.

* * *

తిరుగు ప్రయాణంలో రైలు రద్దీగా ఉంది. మా అన్న కూతురు కడ్డీ పట్టుకుని నిలబడి, "మన దగ్గరా తలుపులు బాగానే తెరిచారు కదత్తా" అంది.

నిజమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలీల పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరారు. 2021లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చింది. ఆదేశం కాగితం మీద సంతకంతో అమల్లోకి వస్తుంది. ఆ మర్నాడు తెలుగులో పన్నెండేళ్లు చదివి వచ్చిన పిల్ల అకౌంట్స్‌నో జువాలజీనో ఇంగ్లీషులో రాయబోతుంది. ఆ పేపరు చదివేదెవరు? మనకు ఫస్టియర్ ఇంగ్లీషు చాలాచోట్ల గెస్ట్ లెక్చరర్ల చేతిలో ఉంటుంది. గంటకింత అని జీతం, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం, కట్టలకొద్దీ పేపర్లు. ఒక్కో తప్పు వెనక ఏ లెక్క ఉందో ఆలోచించే తీరిక వాళ్లకు ఎవరిచ్చారు? న్యూయార్క్‌లో 1976 తర్వాత జరిగింది కూడా ఇదే. పాఠం తెలిసిన టీచర్లు ఉన్నారు, వాళ్లకు జీతాలివ్వడానికే డబ్బు లేదన్నారు.

మినా షాన్సీని చదివి దయగల టీచర్లుగా మారదాం అని ఎవరైనా అంటే అది సగం మాటే. ఆవిడ దగ్గర దయకన్నా ఎక్కువ ఉన్నది చదివే ఓపిక. ఓపికకు వేళ కావాలి, వేళకు జీతం కావాలి, చిన్న క్లాసు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఏ యూనివర్సిటీ అయినా ఒక ఏడాది ఫస్టియర్ పిల్లలు రాసిన పేపర్లు ఏరి, మన పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పుల లెక్క తేల్చి, పుస్తకంగా వేస్తే, ఆ పుస్తకం ప్రతి డిగ్రీ కాలేజీ బల్ల మీదా ఉండాలి. మూల్యాంకనం పేరుతో ఏటా లక్షల పేపర్లు దిద్దే వ్యవస్థ మనది. ఎంత తప్పారన్న లెక్క ఉంటుంది, ఏం తప్పారన్నది రాసిపెట్టుకోం. మార్కులు వేశాక ఆ పేపర్లు పాతకాగితాల ధరకు పోతాయి.

"ఆ పుస్తకానికి నా తప్పులు కూడా పంపిస్తాను" అంది మా అన్న కూతురు. మొదటి ఏడాది నోట్సు ఇంకా అమ్మ దగ్గరే, అటక మీద ఉందట. నేను ఊరికి వెళ్లగానే దింపి, ఒక్క పేజీ కూడా పారేయకుండా నాకు ఇమ్మని వదినకు ఫోన్ చేయమన్నాను.